బోరు పడ్డాక

“ఆపరేషన్ మంచిగైందని సారు చెప్పిండు. కుట్లు గూడ మానినయి. మరి పిలిస్తె పలుకుత లేడేంది సార్?”

వినికిడి లేకుండా పుట్టిన బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించిన తల్లుల్లో ఈ ప్రశ్న అడగని తల్లిని నేను చూడలేదు. ఈ మాట నాతో అన్న ఆమెది కోస్గి దగ్గర ఒక పల్లె. హైదరాబాదులో మ్యాపింగ్ (ఇంప్లాంట్ కరెంటు సరిచేసే) గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మూడేళ్ళ కొడుకు. వాడి కుడి చెవి వెనక గొరిగిన చోట జుట్టు అప్పుడప్పుడే గరుకుగా మొలుస్తోంది. ఆమె చేతిలో బట్టల దుకాణం సంచి. అందులో స్కాన్ ఫిల్ములు, ఆరోగ్యశ్రీ కాగితాలు, డిశ్చార్జి చీటీ, వాటి మధ్య గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె. వంద కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం చేసి వచ్చింది.

“మీ చేన్ల బోరుందా అమ్మా?” అని అడిగాను.

“మా బావగారి చేన్ల ఉన్నది.”

“బోరు ఏసిన నాడే వరి కోసినరా?”

“ఏడ సార్! మోటరు దించాలె, స్టార్టరు పెట్టాలె, కరెంటు కోసం తిరగాలె, దున్నాలె, నాటెయ్యాలె. ఎన్ని దినాలు పట్టె!”

తన ప్రశ్నకు జవాబు ఆమే చెప్పేసింది. పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్ట నేలలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. ఆపరేషన్ అంటే బోరు పడడం. ఒక పూట పని. ఆ తర్వాతది ఏళ్ళ పని. ఈ అధ్యాయమంతా ఆ తర్వాతి పని గురించే.

లోపల ఏం పెట్టారు?

మన లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన చిన్న ఎముక గూడు ఉంటుంది. అదే కాక్లియా. దాన్ని సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. అందులో వేల కొద్దీ కేశకణాలు వరసగా నిలబడి ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు అవి ఊగి, ఆ ఊపును కరెంటుగా మార్చి శ్రవణ నాడికి అందిస్తాయి. పుట్టు చెవుడున్న పిల్లల్లో చాలామందికి నాడి బాగానే ఉంటుంది. కేశకణాలే పనిచేయవు. వెయ్యిమంది పుడితే ఒకరిద్దరికి పుట్టు చెవుడు ఉంటుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో జన్యువుల వల్ల వచ్చే చెవుడు మరింత ఎక్కువ. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగి ఉన్న లోపపు జన్యువులు బిడ్డలో జతపడతాయి. దీనికి తల్లి చేసిన తప్పేమీ లేదు. గ్రహణం చూసినందుకు రాలేదు, తినకూడనిది తిన్నందుకూ రాలేదు. ఈ మాట తల్లులకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఆపరేషన్లో చెవి వెనక ఎముకను కొద్దిగా తొలిచి, సన్నని తీగను ఆ నత్తగుల్లలోకి దూరుస్తారు. కంపెనీని బట్టి ఆ తీగ మీద 12 నుంచి 22 దాకా లోహపు బిందువులుంటాయి. చచ్చిపోయిన వేల కేశకణాల పనిని ఈ కొద్ది బిందువులు చేయాలి. వేల మంది వాయించే కచేరీని రెండు డజన్ల మెట్ల హార్మోనియం మీద వాయించినట్టన్నమాట. అయినా చిన్నపిల్లల మెదడు ఆ కొద్ది స్వరాల నుంచే మాటను పట్టుకుంటుంది. ఈ సంగతి నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ 1978లో ఇలాంటి అనేక బిందువుల పరికరాన్ని మొదటిసారి ఒక పెద్దాయనకు అమర్చినప్పుడు, ఇంత ముతక కరెంటు నుంచి మాట అర్థమవుతుందని నమ్మినవాళ్ళు తక్కువ. అమెరికాలో పిల్లలకు అధికారికంగా అనుమతి వచ్చింది 1990లో.

తీగకు అవతలి కొసన, చర్మం కింద, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దదైన యంత్రం ఉంటుంది. ఇది బోరులోకి దించిన మోటారు. చెవి మీద తగిలించుకునే మైకు, సెల్లులున్న యంత్రం, తల మీద అయస్కాంతంతో అతుక్కునే గుండ్రటి కాయిల్, ఈ రెంటినీ కలిపే వైరు: ఇవన్నీ కలిసి గట్టు మీది స్టార్టరు డబ్బా. ఊళ్ళో దీన్నే ‘చెవి మిషన్’ అంటారు. లోపలి యంత్రంలో సెల్లు ఉండదు. బయటి కాయిల్ నుంచి చర్మం మీదుగా వచ్చే రేడియో తరంగాలే దానికి కరెంటు. స్నానానికో నిద్రకో బయటి మిషన్ తీశారంటే బిడ్డకు మళ్ళీ నిశ్శబ్దమే. అందుకే ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన బిడ్డ పిలిస్తే పలకడు. మూడు నాలుగు వారాలు గాయం మానాక, బయటి మిషన్ పెట్టి ‘స్విచాన్’ చేసిన రోజే వాడి చెవికి మొదటి శబ్దం చేరుతుంది.

కుట్ల దగ్గర కనిపెట్టుకోవలసినవి

ఈ ఆపరేషన్ ప్రమాదకరమైనదా? కాదు. అనుభవం ఉన్న చేతుల్లో చాలా భద్రమైనది. అలాగని ఇబ్బందులే రావని చెప్పడం అబద్ధమవుతుంది. తెలిసి ఉంటే చాలా ఇబ్బందులు చిన్నవిగానే ఆగిపోతాయి.

ఎముకను తొలిచే దారి పక్కనే ముఖ నరం పోతుంది. కన్ను మూయడం, నవ్వడం దాని పని. పసిపిల్లల్లో చెవి వెనక ఎముక ఇంకా ఎదగదు కాబట్టి ఆ నరం పైకే ఉంటుంది. అందుకే సర్జన్లు ఆపరేషన్ చేసినంత సేపూ నరాన్ని కనిపెట్టే యంత్రం పెట్టుకుంటారు. మూతి వంకర పోవడం చాలా అరుదు, వచ్చినా ఎక్కువమందిలో తగ్గిపోతుంది. కొన్నాళ్ళు తల తిరగడం, నాలుకకు రుచి మారడం కూడా ఉండొచ్చు. మూడేళ్ళవాడు వాటిని మాటల్లో చెప్పలేడు. నడకలో తూలుతుంటే, ఇష్టంగా తినేదాన్ని నెట్టేస్తుంటే తల్లే గుర్తుపట్టాలి. లోపలి చెవి పుట్టుకతోనే సరిగా తయారుకాని పిల్లల్లో, తీగ దూర్చేటప్పుడు మెదడు చుట్టూ ఉండే నీరు ఊటలా ఉబికి రావచ్చు. సర్జన్ దాన్ని అక్కడికక్కడే కండరపు ముక్కతో బిగించి ఆపుతాడు. ఆపరేషన్ ముందు తీసే స్కాన్లు ఇలాంటివి ముందే తెలుసుకోవడానికి.

ఇంటికొచ్చాక చూసుకోవాల్సింది చర్మం. పిల్లల నెత్తి చర్మం పలచన. కాయిల్‌లోని అయస్కాంతం బలం ఎక్కువైతే చర్మం రెండు అయస్కాంతాల మధ్య నలిగి, అక్కడ రక్తం ఆడదు. కొత్త చెప్పు కరిచినట్టే. మొదట ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది, ఇంకా పట్టించుకోకపోతే లోపలి యంత్రం బయటపడేదాకా పోతుంది. చెప్పు కరిస్తే రెండు రోజులు వేసుకోం కదా, ఇదీ అంతే. రోజూ రాత్రి కాయిల్ తీసినప్పుడు వేలితో జుట్టు పాయ తీసి ఆ చోటు చూడాలి. ఎర్రగా ఉంటే ఆసుపత్రికి చెబితే తక్కువ బలమున్న అయస్కాంతం ఇస్తారు. పది నిమిషాల పని.

ఇంకొకటి, ఇది మన ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. పిల్లవాడు అరుగు మీంచి పడతాడు, ఇంప్లాంట్ ఉన్న వైపు బొప్పి కడుతుంది. తల్లి కంగారుగా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతుంది. ఆయన మంచి మనసుతోనే సూది గుచ్చి నీరు తీయబోతాడు. వద్దు. ఆ సూదితో పాటు లోపలికి చేరే క్రిములు యంత్రం మీద పొరలా అల్లుకుంటే మందులకు తేలిగ్గా లొంగవు. చివరికి యంత్రాన్నే తీసేయాల్సి రావచ్చు. బొప్పి కడితే ఆ వైపు మిషన్ పెట్టకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. చెవి కారితే పసరు, వెచ్చని నూనె పోయకూడదు. ఈ రెండు మాటలు డిశ్చార్జి చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలని నా కోరిక.

చెవి నుంచి మెదడు పొరకు

అన్నింటిలోకీ భయపడాల్సింది మెదడు పొరల వాపు. డాక్టర్లు మెనింజైటిస్ అంటారు. మధ్య చెవికీ లోపలి చెవికీ మధ్య సహజంగా గట్టి గోడ ఉంటుంది. తీగ దూర్చడానికి ఆ గోడకు కన్నం పెట్టక తప్పదు. చుట్టూ కండరం పెట్టి మూసినా, అది ఒకప్పుడు తెరిచిన తలుపే. పసిపిల్లలకు జలుబు చేస్తే మధ్య చెవిలో చీము పట్టడం మామూలు. ఆ చీములోని న్యూమోకాకస్ అనే క్రిమి ఆ దారిన లోపలి చెవికీ, అక్కడి నుంచి మెదడు పొరలకూ పాకే వీలుంది.

2002లో అమెరికా, యూరప్‌లలో ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు వరసగా ఈ జబ్బు వస్తోందని తేలినప్పుడు పెద్ద అలజడి రేగింది. తీగ కాక్లియా లోపలి గోడకు దగ్గరగా ఆనేలా ఒక చిన్న ఆపు చెక్క లాంటి ముక్కను కూడా పెట్టే ఒక రకం పరికరంలో ముప్పు ఎక్కువని తెలిసి, దాన్ని ఆ ఏడే మార్కెట్ నుంచి తీసేశారు. మరుసటి ఏడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన, ఆరేళ్ళలోపు ఇంప్లాంట్ పెట్టిన 4,264 మంది పిల్లల్ని పరిశీలించింది. 26 మందికి మెనింజైటిస్ వచ్చింది. న్యూమోకాకస్ వల్ల వచ్చే మెనింజైటిస్ మామూలు పిల్లల కంటే వీళ్ళలో 30 రెట్లకు పైగా ఎక్కువని లెక్క తేలింది. ఆ ముక్క లేని పరికరాలు పెట్టుకున్నవాళ్ళలో ముప్పు తక్కువే గానీ, అసలు లేకపోలేదు.

అప్పటి నుంచి టీకా లేకుండా ఇంప్లాంట్ వద్దన్నది ప్రపంచమంతటా నియమమైంది. మన దేశంలో న్యూమోకాకల్ టీకా ఉచిత టీకాల పట్టికలోకి 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై, 2021 నాటికి దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఇస్తారు. ఏఎన్ఎం దగ్గర మాతా శిశు కార్డులో ఈ మూడు గళ్ళూ నిండాయో లేదో ఆపరేషన్‌కు ముందే చూపించుకోవాలి. రెండేళ్ళు దాటాక ఇదే క్రిమిలోని మరిన్ని రకాలను ఆపే ఇంకో టీకా ఉంది. అది ఇంప్లాంట్ పిల్లలకు ప్రత్యేకంగా ఇప్పించాల్సింది. ఈ టీకా సంగతి అడగకుండా ఆసుపత్రి నుంచి రావద్దని తల్లిదండ్రులకు చెబుతుంటాను.

ఆపరేషన్ అయిన నెలకైనా పదేళ్ళకైనా ఇంప్లాంట్ ఉన్న బిడ్డకు జ్వరంతో పాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, విపరీతమైన మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. జిల్లా ఆసుపత్రికైనా సరే, పోయిన వెంటనే “వీడి తలలో మిషన్ ఉంది” అని మొదట చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టర్ ఆలోచన వేరే దారి పడుతుంది. ఎమ్మారై స్కాన్ తీయబోయినా, మరో ఆపరేషన్లో కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడబోయినా ఇదే మాట మళ్ళీ చెప్పాలి. లోపల అయస్కాంతముంది, తీగ ఉంది. ఏ యంత్రం వరకు ఫరవాలేదో పరికరం కార్డు చూసి నిర్ణయిస్తారు. అందుకే ఆ కార్డు ఇంట్లో రేషన్ కార్డుతో పాటు ఉండాలి, నకలు ఒకటి తండ్రి ఫోన్‌లో ఉండాలి.

మోటారు తియ్యకముందు స్టార్టరు చూడాలి

చేన్ల నీళ్ళు ఆగితే ఏ రైతూ మొదటే మోటారు బయటికి లాగడు. ముందు కరెంటుందా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు కొడుతోందా, వైరు ఎలక కొరికిందా చూస్తాడు. మోటారు లాగడమంటే గొలుసులు, మనుషులు, డబ్బు. అది ఆఖరి పని. ఇంప్లాంట్‌కూ ఇదే వరస. పిల్లవాడు ఉన్నట్టుండి వినడం మానేస్తే పదికి తొమ్మిదిసార్లు తప్పు బయటి మిషన్‌లోనే ఉంటుందని నా అనుభవం. సెల్లు అయిపోయి ఉంటుంది. వైరు, కాయిల్ కలిసే మెడ దగ్గర లోపల తెగి ఉంటుంది. పిల్లవాడు దాన్ని నోట్లో పెట్టుకుని కొరికి ఉంటాడు. చెమట పట్టి లోపల తేమ చేరి ఉంటుంది. మన ఎండలకు, పత్తి చేన్ల దుమ్ముకు మైకు మీది సన్నని జల్లెడ పూడుకుపోయి ఉంటుంది.

రోజూ రాత్రి మిషన్‌ను తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఆ గుళికలు రంగు మారితే పని అయిపోయినట్టే. వానాకాలంలో ఇది అన్నం తిన్నంత ముఖ్యం.

ఇవన్నీ చూసినా వినకపోతే అప్పుడు లోపలి మోటారు మీద అనుమానం. కంప్యూటర్‌కు కలిపి, ప్రతి బిందువుకూ కరెంటు చేరుతోందో లేదో వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు కొన్ని నిమిషాల్లో చెప్పగలుగుతారు. కొన్నిసార్లు యంత్రం ఒక్కసారిగా మూగబోతుంది. అది పట్టుకోవడం తేలిక. కష్టమైంది మెల్లగా పాడయ్యే రకం. పరీక్షల్లో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, పిల్లవాడు మాత్రం వచ్చిన మాటలు పోగొట్టుకుంటుంటాడు, మిషన్ పెడితే ఏడుస్తాడు, పీకి పారేస్తాడు. ‘మారాం చేస్తున్నాడు’ అని కొట్టే తండ్రుల్ని చూశాను. పిల్లవాడి దగ్గర ఉన్న భాష అది ఒక్కటే. లోపల కరెంటు తప్పు దారిన పోయి నొప్పి పెడుతుంటే ఇంకెలా చెబుతాడు? ముఖం కండరం మిషన్ పెట్టగానే అదురుతుంటే కూడా వెంటనే చూపించాలి. అది ముఖ నరానికి కరెంటు సోకుతోందని గుర్తు. ఆ ఒక్క బిందువును తగ్గించో, ఆపేసో మిగతావాటితో నడిపిస్తారు.

పదేళ్ళు గడిచినా నూటికి తొంభైకి పైగా లోపలి యంత్రాలు పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్ళ కంటే పిల్లల్లో చెడిపోవడం ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు పడతారు, తలలు కొట్టుకుంటారు. తయారీ లోపాలూ జరిగాయి. 2011లో ప్రపంచంలో పెద్ద పేరున్న ఒక కంపెనీ, లోపలి డబ్బా అతుకుల్లో సన్నని పగుళ్ళ గుండా తేమ చేరి యంత్రాలు ఆగిపోతుండడంతో ఒక రకంలో ఇంకా అమర్చనివాటిని మొత్తం వెనక్కి తీసుకుంది. యంత్రం పోతే పాతది తీసి కొత్తది పెట్టొచ్చు. మళ్ళీ ఆపరేషన్ అనేసరికి తల్లిదండ్రులు కుంగిపోతారు గానీ, ఇక్కడ ఒక ఊరట ఉంది. పాత దారిలోనే తీగ వెళుతుంది, మెదడు అప్పటికే వినడం నేర్చుకుని ఉంటుంది. చాలామంది పిల్లలు మొదటిసారి రెండేళ్ళు పట్టిన చోటికి ఈసారి కొన్ని వారాల్లోనే చేరుకుంటారు.

మళ్ళకు నీళ్ళు కట్టడం

స్విచాన్ రోజు చాలామంది అనుకునేట్టు ఉండదు. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చిన తల్లి, బిడ్డ నవ్వుతాడని ఎదురుచూస్తుంది. వాడు బెదిరి ఏడుస్తాడు. మూడేళ్ళు నిశ్శబ్దంలో ఉన్నవాడికి శబ్దమంటే ఏమిటో తెలియదు కదా.

ఆ రోజు కరెంటు చాలా తక్కువగా పెడతారు. బోరు నీళ్ళు ఎర్ర చెలక నేల మీద ఒక్కసారి వదిలితే గట్టు తెగిపోతుంది. కొద్దికొద్దిగా, ఒక్కొక్క మడికి గండి తీసుకుంటూ వదలాలి. ఆడియాలజిస్టు చేసే మ్యాపింగ్ ఇదే. ఒక్కొక్క బిందువుకు బిడ్డ గుర్తుపట్టే అతి తక్కువ కరెంటు ఎంత, బాధ లేకుండా తట్టుకునే ఎక్కువ ఎంత, ఈ రెండు హద్దులు వేరుగా గుర్తిస్తారు. మొదటి నెలల్లో తీగ చుట్టూ కణజాలం అల్లుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ హద్దులు మారుతూనే ఉంటాయి. అందుకే మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత మూడు నెలలకూ ఆరు నెలలకూ, ఆపై ఏటా ఒకసారి రమ్మంటారు. ఇక్కడే మన పిల్లలు జారిపోతారు. కోస్గి, మద్దూరు, కొడంగల్ వైపు కుటుంబాలు పంట చేతికొచ్చాక ముంబై, పుణె, బెంగళూరు కూలీ పనులకు పోయి మిరుగు (మృగశిర కార్తె) నాటికి తిరిగొచ్చే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. ఒక్క మ్యాపింగ్ తప్పిపోతే బిడ్డ నెలల తరబడి చాలీచాలని కరెంటుతో విన్నట్టే. వలస తప్పనివాళ్ళు పోయే ముందు ఆసుపత్రిలో చెప్పాలి. వైద్యం వదలడం కాదు, ఊరు మార్చుకోవచ్చు. పెద్ద నగరాలన్నింటిలో ఈ కంపెనీల సేవా కేంద్రాలు, ఆడియాలజిస్టులు ఉన్నారు. కార్డు, పాత మ్యాప్ కాగితం వెంట ఉంటే చాలు.

మాట మాత్రం మ్యాపింగ్ గదిలో రాదు. ఇంట్లో వస్తుంది. మాట నేర్పే శిక్షణను థెరపీ అంటారు. వారానికి ఒక గంట టీచరమ్మ నేర్పేది పిల్లవాడికి కాదు, తల్లికి. మిగతా వారమంతా రొట్టెలు చేస్తూ, బట్టలు పిండుతూ, పశువులకు నీళ్ళు పెడుతూ ఆమె ఆ మాటల్ని వాడి చెవిన వేస్తుండాలి. “నీళ్ళు. చల్లటి నీళ్ళు. బర్రెకు నీళ్ళు పెడదమా?” మన యాసలోనే మాట్లాడాలి. ‘మంచి తెలుగు’ రావాలని తల్లి తనకు అలవాటు లేని భాషలో తడబడితే బిడ్డకు దొరికేది సగం భాషే.

వయసును కూడా కొత్తగా లెక్కపెట్టుకోవాలి. మూడేళ్ళకు స్విచాన్ అయిన బిడ్డకు ఆ రోజు వినికిడి వయసు సున్నా. మామూలు బిడ్డ ఏడాదికి గానీ అత్తా తాతా అనడు. వీడికీ ఆ ఏడాది ఇవ్వాలి. పక్కింటి మూడేళ్ళవాడితో పోల్చి ఇంప్లాంట్ దండగైందని తేల్చేయడం, మొలక రాకముందే చేను దున్నేయడం లాంటిది. ఎంత తొందరగా పెడితే అంత మంచిదన్నది మాత్రం నిజం. అమెరికాలో అనూ శర్మ బృందం 2002లో మెదడు తరంగాలను కొలిచి చూసింది. మూడున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో శబ్దానికి మెదడు స్పందించే వేగం కొద్ది నెలల్లోనే మామూలు పిల్లల స్థాయికి వచ్చింది. ఏడేళ్ళు దాటాక పెట్టినవాళ్ళలో చాలామందికి రాలేదు. వాడని దారిలో ముళ్ళకంప పెరిగినట్టు, వినికిడి కోసం ఉన్న మెదడు భాగాన్ని చూపు, స్పర్శ ఆక్రమించుకుంటాయి.

అన్నీ సరిగా చేసినా మాట అంతంత మాత్రంగానే వచ్చే పిల్లలు ఉంటారు. శ్రవణ నాడి సన్నగా ఉన్నవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు, ఇతర లోపాలు కూడా ఉన్నవాళ్ళు. వాళ్ళకు సైగల భాష నేర్పడం ఓటమి కాదు. భాష లేకుండా పెరగడమే బిడ్డకు నిజమైన నష్టం. ఈ మాట చెప్పడానికి మా రంగంలో చాలామంది వెనకాడతారు. నేను వెనకాడను.

పదేళ్ళ తర్వాత

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలివిడత మూడు జిల్లాల్లో పాత మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతావి. అప్పట్లో కోస్గి ఆ మహబూబ్‌నగర్‌లోనే ఉండేది, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది. లక్షలు పోసి కొనాల్సిన కాక్లియర్ ఇంప్లాంట్, మాట నేర్పే థెరపీతో కలిపి ఆ పథకంలోకి వచ్చాక, అంతవరకు డబ్బున్నవాళ్ళకే పరిమితమైన ఆపరేషన్ కూలీల ఇళ్ళకు చేరింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం వికలాంగులకు ఉపకరణాలిచ్చే పథకం కింద కూడా పిల్లలకు పెడుతున్నారు. దాన్ని చూసే జాతీయ సంస్థకు ఉన్న పేరు అలీ యావర్ జంగ్‌ది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ ఆయన. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. ఈ తలుపులన్నీ పేదవాడి కోసం తెరిచినవారికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మొక్కుతూనే ఒక బాధ చెప్పుకోవాలి. లోపలి మోటారు దశాబ్దాలు నడుస్తుంది. బయటి స్టార్టరు అన్నేళ్ళు నడవదు. దాని వారంటీ సాధారణంగా కొన్నేళ్ళే. ఆ తర్వాత వైరుకు, కాయిల్‌కు వేలు, మొత్తం మిషన్ మార్చాలంటే లక్షలు. కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేస్తే విడిభాగాలు దొరకవు. అప్పుడు ఆరో తరగతిలో క్లాసు ఫస్టు వస్తున్న పిల్ల ఒక్క వైరు కోసం నెలలు నిశ్శబ్దంలో కూర్చుంటుంది. కేరళ 2012లో శ్రుతితరంగం పేరుతో ఉచిత ఇంప్లాంట్లు మొదలుపెట్టింది. పిల్లలు ఎదిగి, మిషన్లు పాతబడ్డాక అక్కడి తల్లిదండ్రులు కలిసికట్టుగా అడగడంతో మరమ్మతులు, కొత్త ప్రాసెసర్లు (బయటి మిషన్లు) కూడా ప్రభుత్వం చూసుకోవాలన్న దారికి వచ్చింది. ఇంప్లాంట్ ఇచ్చే ప్రతి పథకంలోనూ వైరుకు, కాయిల్‌కు, ప్రాసెసర్‌కు మొదటి రోజే లెక్క కట్టి ఉండాలి. బోరు ఉచితంగా వేసి కరెంటు మాటెత్తకపోతే రైతు ఏం చేసుకుంటాడు?

బడి కూడా ఈ వైద్యంలో భాగమే. ప్రభుత్వ పథకాల్లో సాధారణంగా ఒక చెవికే పెడతారు. ఒక చెవితో వినేవాడికి గోలలో మాట విడదీయడం, ఎటునుంచి పిలుస్తున్నారో గుర్తుపట్టడం కష్టం. రెండో చెవిలో ఏ కొంచెం వినికిడి మిగిలి ఉన్నా మామూలు వినికిడి యంత్రం పెట్టించాలి. టీచరు వాణ్ని ముందు బల్లలో, మిషన్ ఉన్న చెవి తనవైపు ఉండేలా కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడితే చాలు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

కోస్గి తల్లిని ఏడాది తర్వాత మళ్ళీ చూశాను. ఈసారి తానుగా, తారీఖు కంటే ముందే వచ్చింది. థెరపీలో నేర్పిన పరీక్ష ఆమె రోజూ పొద్దున చేస్తుందట. కెనడాలో పనిచేసిన డేనియల్ లింగ్ అనే గురువు రూపొందించిన ఆరు ధ్వనుల పరీక్ష అది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మాటలోని అడుగు స్వరాల నుంచి పై స్వరాల దాకా ఈ ఆరింటిలో ఉన్నాయి. తల్లి కొంగుతో నోరు కప్పుకుని ఒక్కొక్కటి అంటుంది. విన్నప్పుడల్లా పిల్లవాడు గిన్నెలో ఒక కందిగింజ వేస్తాడు.

“రెండు దినాలసంది ఐదే ఏస్తుండు సార్. ‘స్’ అంటె నా దిక్కే సూస్తుండు, గింజ ఏస్త లేడు.”

ఆడియాలజిస్టు మిషన్ విప్పి చూసింది. మైకు జల్లెడలో పత్తి నూగు, ఎర్రమట్టి కలిసి పేరుకుపోయాయి. పై స్వరాలు అక్కడే ఆగిపోతున్నాయి. కొత్త జల్లెడ వేసి మిషన్ వాడి చెవికి తగిలించింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “స్” అంది. వాడు గింజ పట్టుకున్న చెయ్యి ఒక క్షణం గాలిలో ఆపి, గిన్నెలో వేశాడు.

వచ్చే మ్యాపింగ్ తారీఖు చీటీ మీద రాసిచ్చారు. పత్తి తీసే రోజులవి. ఆమె చీటీ చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుని, వస్తానంది.